నెల్లూరు నుంచి తెచ్చిన లెక్కల పుస్తకం

మాది మంచి స్కూలని సర్కారే రాసిచ్చింది. మూడంతస్తుల ఎర్ర కట్టడం, రెండు వేలకు పైగా పిల్లలు. ప్రార్థన వేళ వరసలు తీర్చి నిలబెడితే చివరి వరస వీధి గేటు దాకా వచ్చేది. ఏటా ఇన్‌స్పెక్టరుగారు వచ్చి రిజిస్టర్లు తిరగేసి, పిల్లల తలలు లెక్కపెట్టి, ఏదో ఒక క్లాసులో కాసేపు కూర్చుని, ఎర్ర సిరాతో నాలుగు వాక్యాలు రాసి వెళ్ళేవాడు. మా మంచీ చెడూ ఆ నాలుగు వాక్యాలతో తేలిపోయేది. ఆయన్ని అని ఏం లాభం? ఆ స్కూల్లో ఇరవై రెండేళ్ళు తెలుగు చెప్పిన నాకే అది మంచిదో కాదో తెలియలేదు. తెలిసేసరికి ఒక ఆడపిల్ల చదువు మట్టిపాలైంది. ఆ పని చేసింది ఇన్‌స్పెక్టరు కాదు, నేను.

మా పిల్లలంతా మద్రాసు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళ బిడ్డలు, మూటలు మోసేవాళ్ళ బిడ్డలు, ఆసుపత్రి ఆయాల బిడ్డలు. క్లాసుకు ఎనిమిది తమిళ సెక్షన్లుంటే, చిట్టచివర తెలుగు సెక్షను ఒక్కటి. అందులో ఇరవై మంది ఉంటేనే అది నిలిచేది. ఒక్కరు తగ్గినా సెక్షను ఎత్తేసి, పిల్లల్ని తమిళంలో కలిపేసి, మమ్మల్ని ఊరికి ఆ చివరనున్న ఇంకో స్కూలుకు తోసేవారు. అందుకని ప్రతి జూన్‌లోనూ నాకు పిల్లల వేట. చెప్పులు అరిగేలా సందులన్నీ తిరిగి, "మన భాష పోతోందయ్యా, బిడ్డను పంపించండయ్యా" అని బతిమాలేవాణ్ణి.

"ఓట్లడిగేదానికి బయల్దేరినట్టుండాదే" అని నా భార్య ఎకసెక్కెమాడేది. నాకు ఒళ్ళు మండేది. భాష కోసం ఎండలో పడి తిరుగుతున్నానే అని నా పొగరు నాది. ఇప్పుడు దాచుకునేదేముంది? భాష కోసమూ తిరిగాను, ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న నా ఉద్యోగం కోసమూ తిరిగాను. ఏది ఎక్కువో నన్నడక్కండి.

ఎస్సెల్సీ పదకొండో క్లాసు నుంచి పదో క్లాసుకు దిగిన కొత్తలవి. ఆ జూన్‌లో తొమ్మిదో క్లాసు తెలుగు సెక్షనులో లెక్క పందొమ్మిది దగ్గర ఆగిపోయింది. మా దగ్గరే ఎనిమిది పూర్తిచేసిన ఒక అమ్మాయి తండ్రి టీసీ కావాలని అర్జీ పెట్టుకుని ఉన్నాడు. ఆ అమ్మాయి క్లాసంతటికీ తెలివైన పిల్ల. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నూనె పెట్టి గట్టిగా బిగించిన రెండు జడలు. లెక్క ఇస్తే కాగితం మీద పెన్సిలు ఆగేది కాదు. నర్సు అవుతానని ఐదో క్లాసు నుంచీ అందరికీ చెప్పేది. వాళ్ళ అత్త ఆసుపత్రిలో ఆయా. ఆ తెల్లబట్టల నర్సమ్మలు వస్తే డాక్టర్లు కూడా గొంతు తగ్గిస్తారని అత్త చెప్పేదట. అది ఈ పిల్ల మనసులో పడిపోయింది. దానికి ఎస్సెల్సీ పాసవాలి. అంతే కావలసింది.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. వర్క్‌షాపు గోడ వెనక సందులో ఒంటి గది ఇల్లు. తండ్రి వర్క్‌షాపులో రేకుల మీద సుత్తి పని చేసేవాడు. ఆ మోతకు చెవులు దెబ్బతిని, మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. నన్ను చూడగానే లుంగీ దించుకుని, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేశాడు.

"అయివారూ, మీరు రావాలా? చెప్పి పంపితే నేనే వస్తును కదా!"

"టీసీ అడిగారటగా?"

"ఆమా సార్. ఆడ తెలుగు సెక్షనుకు లెక్కల అయివారు లేడంట కదా. అందరూ అంటా ఉండారు. బిడ్డ నర్సు కావాలంటాది. ఆ పక్కన ఆడపిల్లల ఇస్కూల్లో తమిళంలో సేరిస్తే, కష్టపడైనా పాసవుతాది అని..." అని ఆగి, నా మొహంలోకి చూశాడు. "నేను సదువుకోనోణ్ణి. మీరు సదువుకున్నోరు. మీరు చెప్పండి సార్, మన ఇస్కూలు మంచిదేనా? ఈడనే ఉంటే నా బిడ్డ పాసవుతాదా?"

ఎంత తిన్నని ప్రశ్న! మా స్కూలు గురించి అంత సూటిగా ఏ ఇన్‌స్పెక్టరూ ఏనాడూ అడగలేదు. లెక్కల టీచరు రిటైరై ఏడాది దాటింది. పోస్టు భర్తీ అవుతుందని నమ్మకం నాకే లేదు.

"మంచి స్కూలు కాకపోతే నేను ఇన్నేళ్ళు ఉంటానా? లెక్కల టీచరు ఈ నెలాఖరుకు వచ్చేస్తున్నాడు. నేనున్నాను కదా, మీ అమ్మాయి బాధ్యత నాది" అన్నాను. నాలుక తడబడను కూడా లేదు.

ఆయన మొహం విప్పారింది. "మీరంటే సాలు సార్. ఇంక టీసీ గీసీ ఏమీ వద్దు" అన్నాడు. తలుపు పక్కన నిలబడ్డ ఆ పిల్ల కూడా నవ్వింది. ఇరవై పూర్తయింది. ఇంటికొచ్చి భార్యతో గొప్పలు చెప్పుకుని, రెండో కాఫీ కూడా పెట్టించుకున్నాను.

నెలాఖరు వచ్చింది, పోయింది. టీచరు రాలేదు. పుస్తకాలూ రాలేదు. సిలబస్ మారింది. తమిళ పుస్తకం జూలైలో వచ్చేసింది. తెలుగుది మాత్రం "అచ్చులో ఉంది" అన్నారు. రెండేళ్ళూ అదే మాట. తమిళ సెక్షన్ల లెక్కల మాస్టారు పాపం మంచివాడు. "మీ పిల్లల్ని నా క్లాసులో కూర్చోబెట్టండి సార్, నాకూ కొంచెం తెలుగు వస్తుంది, చూసుకుంటాను" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. లెక్కలకు అక్కడ కూర్చుంటే రేపు సైన్సుకూ అక్కడే అంటారు, ఆ తరవాత తెలుగు సెక్షను దేనికంటారు. "మా పిల్లల సంగతి మేం చూసుకుంటాంలెండి" అని ముఖం మీదే అన్నాను. ఆయన ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నెల్లూరులో నా బావమరిది ఉండేవాడు. వినాయక చవితి సెలవులకు వెళ్ళినప్పుడు ట్రంకు రోడ్డు మీద ఒక పుస్తకాల షాపులో తొమ్మిదో క్లాసు లెక్కల పుస్తకాలు వరసగా కనబడ్డాయి. చక్కటి తెలుగు, నల్లటి అచ్చు. నా ప్రాణం లేచొచ్చింది. తెలుగు పుస్తకం లేదంటారా, ఇదిగో తెలుగు పుస్తకం! ఇరవై పుస్తకాలు గోనెసంచిలో కట్టించి రైలెక్కాను. అవి ఆంధ్రా సిలబస్‌వి కదా, మన పరీక్షకు పనికొస్తాయా అని నాకు అనుమానం రాలేదా? వచ్చింది. గూడూరు దాటాక వచ్చింది. లెక్కలకు రాష్ట్రమేమిటి, తడ దగ్గర సరిహద్దు దాటితే రెండూ రెండూ ఐదవుతాయా అనుకుని సంచి మీద తల పెట్టుకుని నిద్రపోయాను. తెలుగు పండితుణ్ణి నేను. నాకు తెలిసిన లెక్కలు జీతం లెక్కలూ పాల లెక్కలూ. మరుసటి ఏడు పదో క్లాసు పుస్తకాలు కూడా అలాగే మోసుకొచ్చాను.

ఇక పాఠం చెప్పేదెవరు? నేను రెండు రోజులు ప్రయత్నించాను. మూడో రోజు ఆ అమ్మాయి నెమ్మదిగా లేచి, "సార్, ఆ గుర్తు మారాల సార్" అంది. సుద్దముక్క దాని చేతికిచ్చేశాను. ఆ రోజు నుంచీ ఆ పిల్లే మా లెక్కల టీచరు. ముందురోజు ఇంట్లో తను నేర్చుకునేది, మర్నాడు పందొమ్మిది మందికి చెప్పేది. అర్థం కాని వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని మళ్ళీ చెప్పేది. సాయంత్రాలు సందులో అరుగు మీద కూడా చెప్పేదట. మగపిల్లలు "టీచరమ్మా" అని ఏడిపించేవాళ్ళు. "మూసుకోని లెక్క చెయ్‌రా" అని కసిరేది. ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని నేను మురిసిపోయేవాణ్ణి. మూడునెలల పరీక్షలకూ ఆరునెలల పరీక్షలకూ మా సెక్షను ప్రశ్నలు ఆ పుస్తకంలోంచే ఏరి నేనే తయారుచేసేవాణ్ణి. అందరికీ డెబ్బైలూ ఎనభైలూ. ఎందుకు రావు!

పదో క్లాసులో ఉండగా ఇన్‌స్పెక్టరుగారు మా సెక్షనులో కూర్చున్నాడు. ఆయనది మదురై వైపు, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను అమ్మాయికి కళ్ళతో సైగ చేశాను. ఆ పిల్ల లేచి బోర్డు నిండా జామెట్రీ లెక్క చేసి, సుద్ద దులుపుకుని నిలబడింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "ప్రమాదం!" అన్నాడు. తమిళంలో ఆ మాటకు చాలా బాగుందని అర్థం. పిల్లలు చప్పట్లు కొట్టారు. లెక్కల టీచరు కావాలని మేం పెట్టుకున్న అర్జీ మీద కూడా ఆయనే ఎర్ర సిరాతో రాశాడు. తెలుగు సెక్షనులో గణిత బోధన మెచ్చదగినదిగా ఉంది, ప్రత్యేకంగా టీచరు అవసరం కనబడదు అని.

చూశారా నా ఘనకార్యం! ఆ పిల్లను బోర్డు దగ్గర నిలబెట్టి, ఆ పిల్లకు రావలసిన టీచరును నేనే రాకుండా చేశాను. అప్పుడైనా తెలిసిందా? లేదు. "మెచ్చదగినది" అన్న మాట మాత్రమే కనబడింది నాకు. హెడ్మాస్టరు నా భుజం తట్టాడు.

మే నెలాఖరున ఫలితాలొచ్చాయి. ఇరవై మందికి ఇరవై మందీ లెక్కల్లో తప్పారు. ఆ అమ్మాయికి ముప్పై ఒకటి. ముప్పై ఐదు వస్తే పాసు. మిగతా అన్నిట్లో అరవై దాటాయి. నోటీసు బోర్డు దగ్గర ఆ అంకెలు వేలు పెట్టి మూడుసార్లు చదివాను.

మర్నాడు పొద్దున ఆ పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. చేతిలో రెండు పుస్తకాలు. ఒకటి మన నెల్లూరు పుస్తకం. రెండోది పక్కింటి తమిళ అమ్మాయిది. రెండూ నా బల్ల మీద విప్పి పక్కపక్కన పెట్టింది.

"తెలిసినవన్నీ చేసినాను సార్. ఒక్కటి కూడా తప్పు పోలేదు. మిగతా ప్రశ్నలు మన పుస్తకంలోనే లేవు. ఇవి చూడండి, ఈ ఐదు పాఠాలు వాళ్ళకుండాయి, మనకు లేవు. మన దాంట్లోని ఈ నాలుగు పాఠాలు వాళ్ళకు అక్కర్లేదు. నేను వాటినే కదా సార్ రేయింబగళ్ళు చదివింది."

ఒక్కొక్క పేజీ తిప్పి చూపించింది. పాఠం చెప్పేటప్పుడు ఎంత ఓపికగా చెప్పేదో అంత ఓపికగా చూపించింది. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. వయసులో నా కూతురికన్నా చిన్నది, దాని ముందు తలెత్తలేకపోయాను.

ఆ క్షణంలో నేను చెయ్యవలసింది ఒక్కటే. ఆ రెండు పుస్తకాలూ పట్టుకుని హెడ్మాస్టరు గదికీ, అక్కణ్ణుంచి వాళ్ళ నాయన దగ్గరికీ వెళ్ళాలి. నేనేమన్నానో తెలుసా?

"ఎవరికీ చెప్పొద్దమ్మా. కొద్ది రోజులు ఆగు. మీ నాయనకు నేనే వచ్చి చెబుతాను. తప్పినవాళ్ళకు అక్టోబరులో మళ్ళీ పెట్టే పరీక్షకు ఆ తమిళ మాస్టారితోనే పాఠం చెప్పిస్తాను."

కొద్ది రోజులు ఎందుకంటే, జూన్ వచ్చేసింది. కొత్త పిల్లల్ని చేర్చుకునే కాలం. మాస్టారు పరాయి రాష్ట్రం పుస్తకం పెట్టి పిల్లల్ని ముంచాడని సందులో తెలిస్తే, ఒక్కడు చేరడు. సెక్షను పోతుంది. తలలు లెక్కపెట్టి ఇన్‌స్పెక్టరు అటు వెళ్ళిపోగానే అంతా చెప్పేద్దామనుకున్నాను.

"సరి సార్" అంది ఆ పిల్ల. పుస్తకాలు మూసి, గుండెకు హత్తుకుని వెళ్ళింది. అన్న మాట నిలబెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

కొద్ది రోజులన్నది నాలుగు వారాలయింది. ఈలోగా సందంతా ఆ పిల్ల మీద విరుచుకుపడింది. మరి లెక్కలు చెప్పింది ఆమే కదా! "మా వాడు బాగానే చదివేవాడు, ఆ పెద్ద టీచరమ్మ తప్పుతప్పుగా నేర్పి నాశనం చేసింది" అని ఒక తల్లి కొళాయి దగ్గర బిందె పక్కన పెట్టి మరీ తిట్టిందట. అరుగు మీద దాని పక్కన కూర్చుని నేర్చుకున్న పిల్లలే మొహం తిప్పుకుని పోయారట. ఇవన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. ఈ వారం పోనీ, వచ్చే వారం చెబుదాం అనుకునేవాణ్ణి. అన్నం సగంలో వదిలేసి లేచేవాణ్ణి. నా భార్య అజీర్తి అనుకుని వాము నీళ్ళు ఇచ్చేది.

ఇక ఉండబట్టలేక ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. తప్పు అమ్మాయిది కాదు, నాది, అక్టోబరు పరీక్షకు నేను చదివిస్తాను, మీరు నన్ను చెప్పుతో కొట్టండి అని. నా దగ్గరున్న నెల్లూరు పుస్తకమూ, తమిళ మాస్టారి దగ్గర అడిగి తెచ్చిన తమిళ పుస్తకమూ కూడా సంచిలో పెట్టుకున్నాను. గుడినుంచి వచ్చినట్టున్నాడు, ఆ తండ్రి ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం ముడుచుకుపోయింది. కోపంతో కాదు, సిగ్గుతో. గభాలున వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయివారూ, మీ మొహం చూసేదానికి నాకు ధైర్యం లేక ఇస్కూలు పక్కకే రాలేదు. అంత నమ్మి మీరు దాన్ని బోర్డు కాడ నిలబెడితిరి. అది తెలిసీ తెలియక నేర్పి, అందరి బిడ్డల్నీ చెడగొట్టె. మీ సెక్షనుకే చెడ్డపేరు తెచ్చె. నా బిడ్డ వల్ల మీకు తలవంపులు సార్."

"అది కాదండీ..." అన్నాను. వినపడలేదు ఆయనకు. ఎప్పుడూ అరిచే మనిషి, వినిపించుకోవాలంటే మనమూ అరవాలి. నా గొంతు అరిచేంత లేవలేదు.

"అక్టోబరూ వద్దు, ఇంకేమీ వద్దు సార్. సదువుకు తగ్గ బుర్ర కాదు దానిది. నేనే పెద్ద ఆశ పడితిని. అంబత్తూరులో బల్బుల కంపెనీలో చెప్పి పెట్టినా. రేపు సోమారం నించి పనికి పోతాది." లోపలికి తిరిగి కేకేశాడు. "ఏమే, యాడుండావు? అయివారు వచ్చినారు. రా ఈడికి. ఆయన కాళ్ళు పట్టుకోని మన్నింపు అడుగు."

ఆ పిల్ల వచ్చింది. తడి చేతులు పావడాకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నా మొహం కేసి చూసింది. నా చేతిలోని సంచీ కేసి చూసింది. నేను చెప్పడానికే వచ్చానని దానికి తెలిసిపోయింది. ఆ కళ్ళలో ఆశ నాకు కనబడింది. ఇప్పుడు చెబుతాడు సారు, ఇప్పుడు చెబుతాడు అని నిలబడి ఉంది.

నోరు తెరిస్తే చాలు. ఇదిగో పుస్తకాలు, మీ బిడ్డ ఒక్క లెక్క కూడా తప్పు చెయ్యలేదు అంటే చాలు. సోమవారం అంబత్తూరు బస్సు ఎక్కదు, అక్టోబరులో పరీక్ష రాస్తుంది, నర్సవుతుంది. కానీ ఆ తండ్రి నా చేతులు ఇంకా వదల్లేదు. దేవుణ్ణి చూసినట్టు నన్ను చూస్తున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అలా చూడలేదు. ఆ చూపు పోగొట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. అంతే. సెక్షనూ కాదు, భాషా కాదు.

ఆ పిల్ల కళ్ళలోని వెలుగు తగ్గిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. తరవాత నెమ్మదిగా వంగి, నా కాళ్ళు ముట్టుకుంది.

"తప్పయిపోయింది సార్" అంది.

"ఫర్వాలేదమ్మా" అన్నాను నేను.